పసుపు తాగిన గిటారు

ప్రొద్దుటూరులో పాలిషు అంటే ఖమర్‌బీ. ఈ మాట నేనే చెప్పుకుంటే గొప్పలు పోతోందంటారు కాబట్టి ఊళ్లో ఎవరినైనా అడిగి చూడండి. మా ఆయన జమాల్ వడ్రంగి. మంచాలు, బీరువాలు, ఉయ్యాల బల్లలు ఆయన చేస్తాడు. వాటికి రంగూ మెరుపూ నేను తెస్తాను. ఆయన చేతి కింద ఉన్నంతసేపూ అది కట్టె, నా చేయి పడ్డాకే అది సామాను. ఈ సంగతి ఆయనకూ తెలుసు కనక పాలిషు దగ్గర నాకు అడ్డు చెప్పడు. చెప్పినా నేను వినను.

అప్పట్లో మా జిల్లాలో సారాయి నిషేధం. పాలిషుకు లక్క కరగాలంటే స్పిరిట్ తప్పదు కదా, ఆ సీసా ఇంట్లో ఉందని తెలిస్తే చాలు, ఎన్నడూ గడప తొక్కని చుట్టాలు కూడా క్షేమసమాచారాలకు వచ్చేవాళ్లు. అందుకని సీసా తెచ్చిన వెంటనే అందులో లక్క రేకులు పోసేసేదాన్ని. ఆ తర్వాత చుట్టాలు తగ్గిపోయారు.

ఆదినారాయణ ఆ పార్సిలు మోసుకుని మా అంగడికి వచ్చింది దసరా ముందర. వాళ్లది మా వెనక వీధి, నేతగాళ్ల ఇల్లు. వాడు మైకుసెట్టు అంగడిలో పనిచేస్తూ పెళ్లిళ్లకు హారన్లు కట్టేవాడు. చిన్నప్పటి నుంచీ జమాల్‌ను మామా అనీ, నన్ను అత్తా అనీ పిలుస్తాడు. పార్సిలు విప్పి బల్ల మీద పరిస్తే నాకు నవ్వొచ్చింది. నడుం సన్నగా ఉన్న ఒక తెల్లటి చెక్క, మెట్లు కొట్టిన పొడుగాటి మెడ, బిరడాలు, తీగలు, వైర్లు, ఏవో ఇనుప ముక్కలు, తెల్లటి ప్లాస్టిక్ రేకు ఒకటి. అన్నీ విడివిడిగా ఉన్నాయి.

"గిటారు అంటివి గదరా, దీనికి పొట్ట యాడ?" అన్నాడు జమాల్.

"ఇది కరెంటు గిటారు మామా. పొట్ట ఉండదు. తీగ మోగితే ఈ అయస్కాంతాలు పట్టుకోని మైకుపెట్టెలోకి పంపిస్తాయి. బొంబాయిలో ఇట్ల ముక్కలుగా అమ్ముతారు, మనమే బిగించుకోవాల. వైర్ల సంగతి నేను సూసుకుంటా. రంగు మాత్రం అత్త సేతిదే కావాల."

అట్లా అడిగితే నేను కాదంటానా? పార్సిలులో ఒక కాగితం కూడా వచ్చింది, దాని మీద తయారైన గిటారు బొమ్మ. నడిమధ్య మామిడిపండు పసుపు, పక్కలకు పోయేకొద్దీ చిక్కబడి అంచుల దగ్గర నెత్తురు ఎరుపు. ఎక్కడ పసుపు ఆగి ఎక్కడ ఎరుపు మొదలైందో కనిపించనంత నున్నగా కలిసిపోయింది.

"ఇట్ల రావాలత్తా. వస్తుందా?"

"ఇంతేనా?" అన్నాను నేను. లోపల మాత్రం అమ్మో అనుకున్నాను.

ఇక అసలు సంగతి. ఆదినారాయణ తండ్రికి చూపు మందగించి, పోగు కనపడక, వాళ్ల మగ్గం ఏడాదిగా మూలపడి ఉంది. తల్లి భారతమ్మ కుంకుమ చేసి అమ్ముతూ, వేరేవాళ్లకు నూలు చుట్టిపెడుతూ ఇల్లు నడిపేది. కొడుకు మగ్గం గుంతలో దిగితే ఇల్లు నిలబడుతుందని ఆమె ఆశ. వీడికేమో పాట పిచ్చి. ప్రతి ఆదివారం ముద్దనూరు పోయి, అక్కడ రైల్వే గార్డుగా ఉన్న ఒక దొరసానమ్మ కొడుకు దగ్గర గిటారు నేర్చుకున్నాడు. ఆ గార్డే బొంబాయికి రాసి ఈ ముక్కలు తెప్పించాడు. తల్లీ కొడుకులకు రోజూ ఇదే గొడవ. చివరికి భారతమ్మ ఒక షరతు పెట్టింది. పులివెందుల పెండ్లికి గౌస్ మొహిద్దీన్ బ్యాండు పార్టీ పోతోంది, ఆ పార్టీలో గిటారు వాయించి మెప్పించి చోటు సంపాదించుకుంటే సరే, లేకుంటే ఆ మరునాడే మగ్గం గుంతలో దిగాలి. వీడు తల్లి చేతిలో చేయి వేసి ఒప్పుకున్నాడు.

గౌస్ మొహిద్దీన్ ఏమన్నాడంటే, "అబ్బాయ్, నువ్వు బాగా వాయిస్తావు, ఒప్పుకుంటా. కానీ మన జనం ముందు కండ్లతో ఇంటారు, తర్వాతే చెవులతో. ఆ వాయిద్యం సూస్తానే నోరు తెరవాల. పాతపెట్టె చెక్క మాదిరి ఉంటే మాత్రం పందిరి పక్కకే రావద్దు." 

అంటే ఆ పిల్లవాడి బతుకు సగం వాడి వేళ్ల మీద, సగం నా చేతి గుడ్డ మీద ఉందన్నమాట. నాకేం భయం లేదు. పని పెద్దదైతే నాకు ఆకలి ఎక్కువవుతుంది, అంతే.

చెక్కను నేనే దగ్గరుండి సిద్ధం చేశాను. ముందు గరుకు ఉప్పుకాగితంతో, తర్వాత సన్నదానితో రుద్దాను. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే కట్టెకు నూగు లేస్తుంది. ఆరనిచ్చి ఆ నూగును మళ్లీ రుద్దేయాలి. అట్లా లేచి లేచి, ఇక లేవనని మొరాయించేదాకా తడపడం, రుద్దడం. చివరికి చెక్క బుగ్గ మాదిరి నున్నగా అయింది. అప్పుడు కట్టె ఎంత దాహంగా ఉంటుందంటే, దాని మీద ఏది పడ్డా తాగేస్తుంది. చెమట చేత్తో కూడా ముట్టుకోవద్దని ఆదినారాయణకు ఒకటికి పదిసార్లు చెప్పాను.

పండక్కి ఊరంతా అంగళ్లు మూసేశారు. వైర్లు, అయస్కాంతాలు చెక్కలో తొలిచిన గాళ్లలో సరిగ్గా కూర్చుంటాయో లేదో చూసుకుంటానని, చెక్కను తెల్లటి గుడ్డలో చుట్టుకుని వాడు ఇంటికి తీసుకుపోయాడు. పండగ అయినాక రంగు మొదలుపెడదామనుకున్నాం.

పండగ మరునాడు వాడు వచ్చాడు. మొహం చూస్తేనే నాకు అర్థమైంది, ఏదో మునిగిందని. గుడ్డ విప్పి చెక్కను బల్ల మీద పెట్టి పక్కకు తిరిగి నిలబడ్డాడు.

చెక్క నడిమధ్య అరచేయంత పసుపు మచ్చ. దాని మధ్యలో ఎర్రటి బొట్టు. అంచుల వెంబడి అక్కడక్కడా వేళ్లతో పూసిన పసుపు చారలు.

"ఆయుధపూజకు మా అమ్మ పూసింది," అన్నాడు. "నేను అమ్మవారిసాల గుడికి పోయి వచ్చేసరికి పీట మీద పెట్టి, పసుపు పూసి, బొట్టు పెట్టి, టెంకాయ కొట్టింది. లారీకి పూసినట్ల పూసింది అత్తా."

నేను ఉప్పుకాగితం తీసుకుని నడిమి మచ్చను బొట్టుతో సహా రుద్దాను. పైపొర పోయింది, పసుపు పోలేదు. ఇంకా రుద్దాను. ఇంకా లోపల కూడా పసుపే. నేను అన్నిసార్లు తడిపి దాహం పుట్టించిన కట్టె, తడి పసుపు దొరికితే ఊరుకుంటుందా? గొంతుదాకా తాగేసింది. అదంతా పోయేదాకా రుద్దితే నడుమ గుంత పడుతుంది, మెడ బిగించే గాడి వదులైపోతుంది.

"తెలిసే చేసిందత్తా," అన్నాడు వాడు. "ఇది చెడిపోతే నేను మగ్గంలో దిగుతాను గదా. అందుకే చేసింది. మొగం మీదనే అడిగేసినా. ఒక్క మాట పలకల్యా."

"అట్ల అనొద్దురా," అన్నాడు జమాల్.

నేను మాత్రం అట్లా సర్దిచెప్పలేదు. నాకూ ఒళ్లు మండిపోయింది. నా అన్ని రోజుల చాకిరీ మీద పసుపు నీళ్లు పోసింది ఆమె. పైటకొంగు దోపుకుని నేరుగా వెనక వీధికి నడిచాను. దారిలో ఏం తిట్టాలో అన్నీ వరసగా సర్దుకున్నాను.

భారతమ్మ నట్టింట్లో రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. నన్ను చూసి చేయి ఆపలేదు.

"ఏం వొదినా, బిడ్డ నోటికాడి కూడు తన్నేసి ఇంత నిమ్మళంగా ఎట్ల కూసున్నావు?" అన్నాను.

"వచ్చినావా? రా. వాడు అరిసి పోయినాడు. నువ్వు కూడా రోంత అరిసిపో," అంది.

అరవడానికే పోయినదాన్ని. కానీ నోరు తెరిచేలోపల నా కన్ను మగ్గం మీద పడింది. గుంతలో మగ్గం అట్లాగే ఉంది, దుమ్ము దులిపి ఉంది. నేసిన బట్ట చుట్టుకునే టేకు దుంగ మీద వరసగా పాత బొట్లు. ఏటేటా ఆయుధపూజకు పెట్టినవి, ఎండి నల్లబడినవి. కొత్త బొట్టు మాత్రం లేదు. పోగు విసిరే నాడెకు లేదు, దుంగకు లేదు, గుంత గట్టుకు లేదు. పండగ నిన్ననే అయింది. వీధిలో సైకిళ్లకూ కుట్టు మిషన్లకూ కత్తిపీటలకూ పచ్చగా పసుపు ఆరకుండా ఉంది. ఈ ఇంట్లో మగ్గం ఒక్కటే బోడిగా ఉంది.

"ఏంది వొదినా, మగ్గానికి పెట్టల్యా?"

ఆమె రాట్నం ఆపింది.

"కూడు పెట్టేదానికి గదా బొట్టు పెడతాం," అంది. "అది ఇంగ పెట్టదు. నాకు తెలుసు. మా ఆయప్పకు కండ్లు రావు, వీని మనసు దాని మీదికి రాదు. బలవంతంగా దించితే గుడ్డ నేస్తాడు గానీ, ఏడ్సుకుంట నేస్తాడు. ఏడ్సుకుంట నేసిన గుడ్డ ఎవురు కట్టుకుంటారు? ఎట్లాగూ వానికి కూడు పెట్టేది ఆ గిటారే అయితే, దానికే పెడదామని పెట్టినా. మూడు తరాలుగా మగ్గానికి పెట్టే బొట్టు తీసకపోయి ఆ చెక్కకు పెట్టినా. అది పచ్చి కట్టె అని, పసుపు దిగుతుందని నాకేం తెలుసు?"

"ఆ మాట వానికి చెప్పకపోతివా?"

"వాడు అడిగినాడా? అరిసినాడు. కన్నకొడుకు ముందర నేను మంచిదాన్నని చెప్పి నమ్మించుకోవాల్నా?" ఆమె మళ్లీ రాట్నం తిప్పింది. "నువ్వు కూడా చెప్పొద్దు. ఆ చెక్కను బాగుచేసే దారి ఉంటే చూడు. అదే శానా."

నేను సర్దుకుని పోయిన తిట్లన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు. ఆ ఇంట్లోంచి బయటికి వచ్చేటప్పుడు నా కళ్లు తడిగా ఉన్నాయి. నాకు ఏడుపు అంత తేలిగ్గా రాదు, వస్తే కోపం వస్తుంది. వాడి మీద వచ్చింది, వాడితో కలిసి ఆమెను అనుమానించిన నా మీద కూడా వచ్చింది. ఆ కోపంతోనే నడుస్తూ నడుస్తూ ఉపాయం కూడా దొరికింది. నాకు ఉపాయాలు కోపంలోనే తడతాయి.

"పసుపు పోదు. కాబట్టి పసుపుతోనే పోదాం," అన్నాను జమాల్‌తో. "బొమ్మలో నడిమధ్య పసుపే గదా? చెక్క మొత్తం పసుపే పట్టిద్దాం. అంచులకు సున్నం నీళ్లు పూస్తే పసుపు ఎర్రగా తిరుక్కుంటుంది. తాంబూలం నమిలేవాళ్లకు తెలియదా ఆ మాత్రం?"

జమాల్ తల ఊపి, ఒక తెల్ల చెక్క ముక్క నా చేతిలో పెట్టాడు. "ముందు దీని మీద చెయ్. పొద్దున దాకా చూసి, అప్పుడు దాని మీద పెట్టు," అన్నాడు. ఆయన మాటలు తక్కువ. అప్పుడప్పుడు పనికొచ్చేవి ఉంటాయి.

ముక్క మీద పసుపు పట్టించి, ఆరనిచ్చి, అంచుకు సున్నపు తేట పూశాను. చూస్తుండగానే ఎర్రగా భగ్గుమంది. "చూడు! చూడు!" అని అంగడి ముందు పోయేవాళ్లనందరినీ పిలిచి చూపించాను. పొద్దున లేచి చూస్తే ఆ ఎరుపు చచ్చి, బెల్లం పాకం మాడినట్టు గోధుమరంగుకు తిరిగింది. జమాల్ ఇంకో తెల్ల ముక్క కోసి నా ముందు పెట్టాడు.

మొదటిసారి నాకు దారి కనపడలేదు. పెండ్లి దగ్గర పడుతోంది. ఆదినారాయణ గిటారు మెడ మీది మెట్లు సానబెట్టుకుంటూ, మొహం వేలాడేసుకుని మూల కూర్చున్నాడు. వాణ్ణి వైర్లు తెమ్మని పంపించాను, ఆ మొహం చూడలేక.

వాడు అటు పోగానే భారతమ్మ వచ్చింది. కొడుకు లేని సమయం చూసుకునే వచ్చినట్టుంది. వాకిట్లో నిలబడి, "ఏమన్నా దారి దొరికిందా?" అంది. ఆమె చూపు బల్ల మీది చెక్క ముక్క మీద పడింది. తీసుకుని అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"సున్నం పూసినావా?"

"పూసినా. అయితే ఏం?"

"సున్నం ఎరుపు నమ్ముకుంటే ఎట్ల ఖమర్‌బీ? అది ఆ పూటకే. కుంకుమ ఎట్ల చేస్తారనుకున్నావు? నిమ్మకాయ రసంలో వెలిగారం, రోంత పటిక కరగబెట్టి పసుపుకు పట్టించాల. నీడలో ఆరాల. ఆరేకొద్దీ ఎరుపు వస్తుంది, వచ్చింది ఇంగ పోదు."

నా పనిలో ఒకరు నాకు నేర్పడం నాకు పడదు. "కుంకుమ పొడి వేరు, కట్టె వేరు," అన్నాను.

"నేను పెట్టిన బొట్టు పోయిందా?"

ఉప్పుకాగితంతో అంత రుద్దినా ఆ బొట్టు కదలలేదు. ఆమె కుంకుమతో ఊళ్లో సగం నుదుళ్లు ఎర్రగా ఉన్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి.

"ఇంగ నిలబడతావేం? పోయి నీ గిన్నె తీసకరా," అన్నాను.

ఆమె ఇత్తడి గిన్నె, నిమ్మకాయల మూట తెచ్చింది. ముందు ముక్క మీద చేసి చూశాం. నీడలో పెట్టి చూస్తూ కూర్చున్నాం. పసుపు మెల్లగా నారింజకు, నారింజ ఎరుపుకు తిరిగింది. పొద్దున చూస్తే ఇంకా చిక్కబడి ఉంది. అప్పుడు అసలు చెక్కను బల్ల మీద పడుకోబెట్టాం. మచ్చలూ చారలూ ఒక్కటైపోయేట్టు మొత్తం నేను పసుపు పట్టించాను. ఆమె గుడ్డ ఉండ రసంలో ముంచి అంచుల వెంబడి తడుపుతూ వచ్చింది. లోపలి వైపుకు వచ్చేకొద్దీ నేను నీళ్ల గుడ్డతో పలచన చేస్తూ పోయాను. ఆమె చేయి ముందు, నా చేయి వెనక. మధ్యమధ్య "చాలు, చాలు" అని నేను, "నీకు తెలియదు, పట్టించు" అని ఆమె. రెండు రోజుల క్రితం తిట్టడానికి పోయినదాన్ని, ఇప్పుడు హాయిగా తిట్టుకుంటూ పని చేస్తున్నాను.

సరిగ్గా అప్పుడు ఆదినారాయణ వచ్చాడు. మోచేతుల దాకా ఎర్రబడిన చేతులతో తల్లి తన చెక్క మీద వంగి ఉండడం చూశాడు.

"మళ్లా వచ్చినావా?" అని గావుకేక పెట్టాడు. "చెడగొట్టింది చాల్లేదా నీకు? ఇంగా ఏం మిగిలిందని వచ్చినావు?"

భారతమ్మ గుడ్డ ఉండ గిన్నెలో వేసి లేవబోయింది. నేను ఆమె భుజం మీద చేయి వేసి కూర్చోబెట్టాను. చెప్పొద్దని ఆమె అంది కానీ, నేను మాట ఇవ్వలేదుగా.

"ఒరే, గమ్మునుండు," అన్నాను. "నువ్వు ఇప్పుడు మీ ఇంటికి పో. పోయి మీ మగ్గం చూసి రా. దాని మీద ఏం ఉంది అని కాదు, ఏం లేదో చూసి రా. అది చూసినాక కూడా అరవాలనిపిస్తే వచ్చి నా మీద అరుసుకో."

వాడు పోయాడు. తిరిగి రావడానికి కాసేపు పట్టింది. భారతమ్మ తల వంచుకుని పని చేస్తూనే ఉంది, కానీ చేయి ఒకే చోట తిరుగుతోంది. "ఆడ చాలు వొదినా, నల్లబడుతుంది," అని నేను చేయి పట్టుకుని పక్కకు జరిపాను.

వాడు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తల్లి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, మూటలోంచి ఒక నిమ్మకాయ తీశాడు.

"ఎన్ని పిండాల మా?" అన్నాడు.

"గిన్నె నిండా పిండు," అంది ఆమె.

అంతే. క్షమాపణలూ కౌగిలింతలూ ఆ ఇంట్లో లేవు, మా ఇంట్లోనూ లేవు. నేను మాత్రం జమాల్‌ను ఊరికే కసిరాను.

ఎరుపు ఆరింది. కాగితం మీది బొమ్మ దీని ముందు వెలవెలబోయింది. ఇక పాలిషు నా వంతు, అందులో ఎవరూ నాకు నేర్పేది లేదు. అయితే ఒక చిక్కు ఉంది. పసుపు స్పిరిట్‌లో కరుగుతుంది. లక్క గుడ్డతో రుద్దితే రంగంతా గుడ్డకే వస్తుంది, ఎరుపూ పసుపూ కలిసి చెక్క బురద అవుతుంది. దానికి నేనేం చేశానంటే, నల్లులకు మందు కొట్టే చేతిపంపును కడిగి ఎండబెట్టి, అందులో పలచని లక్క పోశాను. దూరంగా నిలబడి మంచు పడినట్టు చెక్క మీద కొట్టాను. ఆరనిచ్చి మళ్లీ కొట్టాను. గుడ్డ తగలకుండానే రంగు మీద సన్నటి పొర కట్టింది. రంగు లోపల భద్రంగా ఉందని నమ్మకం కుదిరాకే, పాత చొక్కాగుడ్డలో దూది చుట్టి నా అలవాటు ప్రకారం గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాను. భారతమ్మ చూస్తూ కూర్చుంది. 

"నల్లుల పంపుతోనా!" అంది.

"నీ బొట్టు నీకు తెలుసు, నా పంపు నాకు తెలుసు," అన్నాను. ఇద్దరం నవ్వాం, ఆ నవ్వుతో మా ఇద్దరి మధ్య లెక్క సరిపోయింది.

చెక్కలో నా మొహం కనపడేదాకా రుద్దాను. పసుపులో నడిమధ్య ఆ బొట్టు మాత్రం అట్లాగే ఉంది. బొంబాయి నుంచి వచ్చిన తెల్ల ప్లాస్టిక్ రేకు సరిగ్గా అక్కడే బిగించాలి. బిగిస్తే బొట్టు దాని కింద మాయమవుతుంది. ఆదినారాయణ రేకును చేతిలోకి తీసుకుని, బొట్టు మీద పెట్టి చూసి, తీసేశాడు.

"ఇది వద్దులే మామా," అన్నాడు జమాల్‌తో.

పులివెందుల పెండ్లికి నేనూ పోయాను. నా పాలిషు పెండ్లికి పోతూ ఉంటే నేను ఇంట్లో ఉంటానా? భారతమ్మను కూడా లాక్కొచ్చాను. జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా బస్సులో పోయాం. దారి పొడుగునా గిటారు ఆదినారాయణ ఒడిలో, పాత దుప్పట్లో ఉంది. ఎండ తగలనీయొద్దని, ఎండ తగిలితే పసుపు వెలుస్తుందని, నేను కిటికీ వైపు కూర్చుని కొంగు అడ్డం పెట్టాను.

అది పెద్ద రైతుల ఇల్లు. బ్యాండు పార్టీని పందిరి బయట, దారి పక్కన కూర్చోబెట్టారు. లోపల పెండ్లిపీటల దగ్గర నాదస్వరం వాళ్లకు మాత్రమే చోటు. గౌస్ మొహిద్దీన్ ఎన్నేళ్లుగా క్లారినెట్ ఊదుతున్నా ఏ పెద్దింటి పందిరిలోకీ ఆయన్ను పిలిచింది లేదు. ఆదినారాయణ వైర్లు కలిపి, దుప్పటి విప్పాడు. మైకుపెట్టె బుర్రుమంది. వాడు వేలు పెట్టి ఒక తీగ మీటాడు, పందిరి బయట ఉన్న జనమంతా తిరిగారు.

పెండ్లికూతురి అవ్వ పద్మావతమ్మ పీటల దగ్గర నుంచే చూసింది. ఆమె మాటే ఆ ఇంట్లో శాసనం. కర్ర పట్టుకుని నేరుగా మా దగ్గరికి వచ్చేసింది. గౌస్ మొహిద్దీన్ క్లారినెట్ దించి, భయంతో లేచి నిలబడ్డాడు. నా పక్కన భారతమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది.

ముసలమ్మ వంగి గిటారును చూసింది. పసుపును, అంచుల ఎరుపును, నడిమి బొట్టును చూసింది.

"ఇదేందప్పా ఈ వాయిద్యం? ఒళ్లంతా పసుపు కుంకుమ పూసుకోని వచ్చిందే! ఎవురు పెట్టినారు బొట్టు?"

"మా అమ్మ పెట్టింది అవ్వా," అన్నాడు ఆదినారాయణ.

"లచ్చనంగా ఉంది. పసుపు కుంకుమ ఉన్నదాన్ని బయట కూసోబెట్టేది ఏంది? లోపలికి తీసకరాండి. పీటల కాడ వాయించు."

వాడు తాళి కట్టే వేళకు పీటల పక్కన కూర్చుని వాయించాడు. నాదస్వరం ఆగిన చోట వీడు అందుకున్నాడు, వీడు ఆపిన చోట వాళ్లు అందుకున్నారు. నాకు సంగీతం తెలియదు. కానీ వాడి వేళ్లు తీగల మీద పోతుంటే కింద నా పాలిషు దీపాల వెలుగులో మెరవడం చూశాను. అది చూసి ఏడ్చాను, బాహాటంగానే ఏడ్చాను. భారతమ్మ ఏడవలేదు. కొడుకును చూస్తున్నట్టు కనిపించింది కానీ, ఆమె చూసింది ఆ బొట్టును. బయటికి వచ్చాక గౌస్ మొహిద్దీన్ ఆదినారాయణ వీపు మీద చరిచాడు. "వచ్చే వారం పెద్దముడియంలో పెండ్లి. ఆ తర్వాత చెన్నూరు. ఆ రేకు మాత్రం ఎప్పటికీ బిగించవాకు," అన్నాడు.

షరతు తీరిపోయింది. ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నేను అంతటితో అయిపోయిందనుకున్నాను.

రెండో రోజు పొద్దున అంగడి తలుపు తీస్తుంటే భారతమ్మ వచ్చింది. వెనకాల ఆదినారాయణ భుజం మీద పెద్ద టేకు దుంగ మోసుకొస్తున్నాడు. దాన్ని చూడగానే గుర్తుపట్టాను. వరసగా పాత బొట్లు ఉన్న దుంగ అది. వాళ్ల మగ్గందే.

"ఏంది వొదినా ఇది?" అన్నాను.

"మా ఆయప్పే మేకులు ఊడదీసి ఇచ్చినాడు," అంది. "ఆ గిటారు దుప్పట్లో తిరుగుతాంది. దీన్ని కోసి దానికి ఒక పెట్టె చేయండి. మూడు తరాలు కూడు పెట్టిన కట్టె, పొయ్యిలోకి పోవద్దు."

జమాల్ దుంగను అందుకుని బల్ల మీద పడుకోబెట్టాడు. మంచి పాత టేకు, రాయి మాదిరి ఉంది. నేను అలవాటు కొద్దీ ఉప్పుకాగితం తీసుకుని ఆ నల్లబడిన బొట్ల మీదికి చేయి చాచాను. భారతమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"అవి రుద్దొద్దు. ఆ పక్క లోపలికి పెట్టు, గిటారుకు తగిలేట్టు."

"మరి బయటి పక్కకు?"

"బయట నీ ఇష్టం, అద్దం మాదిరి చెయ్," అంది. ఆదినారాయణ వైపు ఒకసారి చూసి, మళ్లీ నా వైపు తిరిగింది. "కొత్త బొట్టు నేను పెడతా. ఈసారి పాలిషు ఆరినాకనే పెడతాలే, అరవాకండి."